లూకా సువార్త, ఒక నోటు పుస్తకం, అవ్వ అత్తిరాసాలు: ఇంట్లో క్రిస్మస్ ఎలా చేసుకోవాలి

ముందుగా ఒక నోటు పుస్తకం కొనండి. అట్ట గట్టిగా ఉండాలి, అంతే. నూనె చేతులతో, పాకం చేతులతో పట్టుకునే పుస్తకం కాబట్టి ఖరీదైనది వద్దు. మొదటి పేజీలో సంవత్సరం వేసి, ఈ ఏడు ఇంట్లో ఎవరెవరున్నారో పేర్లు రాయండి. ఇది నవంబర్ ఆఖరి వారంలో చేసే పని. క్రిస్మస్‌కు సిద్ధపడే ఆగమన కాలం మొదలయ్యేది కూడా దాదాపు అప్పుడే, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో మొదటి ఆదివారం నాడు. 2026లో అది నవంబర్ 29న పడుతుంది.

పుస్తకం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మాది చిత్తూరు. మా అవ్వకు చదువు రాదు, అత్తిరాసాల (అరిసెల) లెక్కంతా ఆమె చేతిలోనే ఉండేది. "బెల్లం ఎంత వెయ్యాల అవ్వా?" అంటే "చెయ్యి చెప్తుంది మే" అనేది. అవ్వ పోయాక మా అమ్మ మూడేళ్ళు, ఆ తర్వాత నేను రెండేళ్ళు తిప్పలు పడ్డాం. ఒక డిసెంబర్‌లో తుఫాను ముసురు పట్టి నాలుగు రోజులు ఎండ మొహం చూడలేదు. ఆ తడిలోనే పిండి కలిపి, మొదటి అత్తిరాసం నూనెలో వేశాను. అది పొంగలేదు సరికదా, విడిపోయి రవ్వ రవ్వగా బాండలి అడుక్కు చేరింది. రెండోదీ అంతే. కిలో బియ్యం, నూనె, పొద్దుటి నుంచి పడ్డ పాటు అన్నీ పోయాయి. మా నాయన మాత్రం ఆ అడుగుది గరిటతో తీయించుకుని "రుచి మీ అవ్వదే" అన్నాడు. ఆ రాత్రే పుస్తకం మొదలైంది.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే కొలతలు అడగొద్దు. వాళ్ళు చెప్పలేరు, చెప్పినా తప్పు చెబుతారు. "పిడికెడు", "కొంచెం", "చూసి వేసుకో" అన్నవే వాళ్ళ కొలతలు. దానికో ఉపాయం ఉంది. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి సంపాదించి, పిండి డబ్బా, బెల్లం గిన్నె, నెయ్యి సీసా వంట మొదలెట్టే ముందు ఒక్కోటి తూచి పెట్టుకోండి. వాళ్ళను వాళ్ళ పద్ధతిలో చేయనివ్వండి. వంట అయ్యాక మళ్ళీ తూచండి. తేడా ఎంతో అదే కొలత. పాకం దగ్గర, వేయించే దగ్గర ఫోన్‌లో వీడియో తీయండి. కానీ మొహం తీస్తూ కూర్చోకండి, చేతులు తీయండి. వాళ్ళు నోటికొచ్చినట్టు అనే మాటలు కూడా పుస్తకంలో రాయండి. "మంట తగ్గించు, అది కోపంగా ఉంది" అనేది మా అవ్వ, నూనె పొగలొచ్చేటప్పుడు. ఏ వంటల పుస్తకమూ మంట సంగతి నాకు ఇంతకన్నా బాగా చెప్పలేదు.

ఇంట్లో పడి, శేరులాంటి పాత కొలపాత్రలు ఉంటే అవీ తూచి పెట్టుకోండి. మా ఇంటి ఇత్తడి పడి నిండా బియ్యం పోస్తే దాదాపు 1 కిలో 400 గ్రాములు తూగింది. ఇంటింటికీ కొంచెం తేడా ఉంటుంది, మీది మీరే చూసుకోవాలి.

రోజుకొక అధ్యాయం

లూకా సువార్తలో 24 అధ్యాయాలున్నాయి. డిసెంబర్ 1న మొదలుపెట్టి రోజుకొకటి చదివితే 24 రాత్రికి అయిపోతుంది. చాలా ఇళ్ళలో ఈ అలవాటు ఉంది. మేము దానికి ఒకటి కలిపాం. పండగ పనుల్ని కూడా ఆ అధ్యాయాల వెంటే పెట్టుకున్నాం. ఎందుకంటే లూకా నిండా భోజనాలే. పిండి, రొట్టె, విందు, పిలిచినా రాని చుట్టాలు, అర్ధరాత్రి తలుపు కొట్టే స్నేహితుడు, వంట పనిలో విసుక్కునే ఇల్లాలు, అందరూ అందులో ఉన్నారు. బేత్లెహేము అన్న మాటకే హీబ్రూలో రొట్టెల ఇల్లు అని అర్థం.

కుటుంబ ప్రార్థన రాత్రి భోజనానికి ముందు పెట్టుకోండి, తర్వాత అయితే పిల్లలు నిద్రపోతారు. ఒక్కరే చదవకుండా, చదవడం వచ్చిన ప్రతి ఒక్కరూ ఐదారు వచనాలు చదవాలి. మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి కనుక దాన్ని పొద్దున సగం, రాత్రి సగం చేసుకోవచ్చు. ఒక పాట పాడండి. పాత కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంటే తీయండి, అందులో చాలా పాటల మీద రాగం, తాళం రాసి ఉంటాయి. సంగీతం నేర్చుకునే పిల్ల ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకే అప్పజెప్పండి. మొత్తం ఇరవై నిమిషాలు దాటనివ్వకండి. దాటితే మూడో రోజుకే మానేస్తారు, ఇది అనుభవం మీద చెబుతున్నాను.

ఇందులో ఒక చిక్కు ఉంది. రెండో తారీకునే యేసు పుట్టేస్తాడు. మా చిన్నోడు మొదటి ఏడాది "ఇంకా కేకే చెయ్యలేదు, అప్పుడే పుట్టేశాడా?" అన్నాడు. పరవాలేదు, 24 రాత్రి రెండో అధ్యాయాన్ని మళ్ళీ చదువుకోవచ్చు. డిసెంబర్ 25 అని బైబిల్లో ఉందా, యేసును చూడ్డానికి వచ్చిన జ్ఞానులు ముగ్గురేనా అని పిల్లలు ఇంకా రెండు ప్రశ్నలు అడుగుతారు, సిద్ధంగా ఉండండి. డిసెంబర్ 25 అన్న తేదీ బైబిల్లో ఎక్కడా లేదు. రోములో ఆ రోజున పండగ చేసుకున్నట్టు తెలిసే పాత ఆధారం 336వ సంవత్సరానిది. జ్ఞానులు ముగ్గురు అని కూడా మత్తయి రాయలేదు, మూడు కానుకల పేర్లు మాత్రమే ఉన్నాయి. నిజం చెబితే పిల్లల విశ్వాసం తగ్గదు, ఇంకొంచెం శ్రద్ధగా చదువుతారు.

ఏ రోజు ఏ పని

అన్ని రోజులకూ పని పెట్టుకోకండి. మాకు కుదిరినవి ఇవి.

3వ తారీకు: రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని బాప్తిస్మమిచ్చే యోహాను చెప్పే అధ్యాయం. బట్టల అల్మారా తెరవండి. కొత్త బట్టలు కొనడానికి బజారుకు పోయేది ఇది అయ్యాకే. ఇచ్చే బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలు కుట్టి ఇవ్వాలి. చిరిగినవి మసిగుడ్డలకు పెట్టుకోండి, మనుషులకు ఇవ్వకండి.

10వ తారీకు: అక్కచెల్లెళ్ళు మార్త, మరియల కథ, పనంతా తన మీదే పడిందని మార్త విసుక్కుంటుంది. ఇంట్లో వంటంతా ఒక్కరి మీదే పడుతుందా అని ఆ రాత్రి చూసుకోవాలి. పుస్తకంలో ఎదురెదురుగా రెండు వరుసలు గీసి ఒకవైపు పనులు, ఒకవైపు పేర్లు రాయండి. కొబ్బరి తురమడం, యాలకులు ఒలవడం, జల్లెడ పట్టడం, గిన్నెలు కడగడం, గ్యాస్ చూసుకోవడం. మగవాళ్ళ పేర్లు గ్యాస్ దగ్గర మాత్రమే కనబడితే పేజీ చింపి మళ్ళీ రాయండి. మా ఇంట్లో మురుకుల గొట్టం తిప్పేది మా ఆయన. మొదట్లో వంకరగా వచ్చేవి, ఇప్పుడు వదిన కూడా మెచ్చుకుంటుంది.

11వ తారీకు: అర్ధరాత్రి స్నేహితుడు వచ్చి మూడు రొట్టెలు అప్పడిగే కథ. క్యారల్స్ పిల్లలు మన తలుపు కొట్టేది కూడా దాదాపు ఆ వేళకే. ఏ రాత్రి మన వీధికి వస్తారో సంఘంలో అడిగి పుస్తకంలో రాసుకోండి. ఫ్లాస్కులో సొంటి కాఫీ, ఒక డబ్బాలో మురుకులు సిద్ధంగా ఉంటే చాలు. అప్పటికే పది ఇళ్ళలో కేకు తిని ఉంటారు, తీపి చూస్తే భయపడతారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 వరకు లౌడ్‌స్పీకర్ వాడకూడదన్నది చట్టం. గిటారు, తప్పెట కూడా పక్కింట్లో చంటిబిడ్డ ఉంటే తగ్గించమని మనమే చెప్పాలి.

13వ తారీకు: ఆవగింజ, పులిసిన పిండి, రెండూ ఈ అధ్యాయంలోనే ఉన్నాయి. ఒక స్త్రీ పులిసిన పిండిని దాచిపెట్టింది మూడు కుంచాల పిండిలో అని మన తెలుగు బైబిల్లో ఉంటుంది. కుంచం అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇంటి పడి తెచ్చి చూపించి, పాత కాలపు కొలత అది కూడా ఇట్లాంటిదే అని చెప్పండి. ఆ రోజు, యేసు పుట్టిన పశువుల పాకను ఇంట్లో బొమ్మగా కట్టడం కోసం రాగులు చల్లాలి. రాగులు రాత్రంతా నానబెట్టి, పళ్ళెంలో రెండు వేళ్ళ మందాన మట్టి పరిచి ఒత్తుగా చల్లి, పైన పలచగా మట్టి జల్లండి. తడిగుడ్డ కప్పి, మొలక కనబడగానే తీసేయండి. నీళ్ళు పోయొద్దు, చిలకరించాలి. 24 నాటికి పచ్చటి బీడు తయారవుతుంది. దాని మీద వరిగడ్డితో పాక కట్టండి. బొమ్మలకు బజారు ప్లాస్టిక్ ఎందుకు, పలమనేరు మట్టి పని మన పక్కనే ఉంది. ఆవు, గొర్రె, తొట్టి చాలు. ఇటలీలో గ్రెచ్చో అనే ఊళ్ళో 1223లో అసీసీ ఫ్రాన్సిస్ నిజం ఎద్దు, నిజం గాడిద, ఎండుగడ్డి పెట్టి ఈ దృశ్యం చూపించాడు. జ్ఞానుల బొమ్మల్ని మాత్రం అప్పుడే పాకలో పెట్టొద్దు. టీవీ మీద నుంచి రోజుకు కొంచెం జరుపుతూ, జ్ఞానులు వచ్చింది గుర్తుచేసుకునే జనవరి 6కి తీసుకురండి. పిల్లలకు ఇదొక ఆట.

14వ తారీకు: విందు చేస్తే తిరిగి పిలవలేనివాళ్ళను పిలవమని ఉంటుంది. భోజనానికి ఎవరెవరిని పిలుస్తారో ఆ రాత్రే రాయాలి. చుట్టాల పేర్లు వాటంతట అవే వస్తాయి. ఊరికి పోలేని హాస్టల్ పిల్లలు, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళు, సెలవు దొరకని వాచ్‌మన్, వీళ్ళలో కనీసం ఇద్దరి పేర్లు ఆ పేజీలో ఉండాలని మా ఇంటి నియమం.

15వ తారీకు: తప్పిపోయిన కుమారుడు ఇంటికి తిరిగొచ్చే కథ. మాటలు లేని చుట్టం ఎవరైనా ఉంటే ఆ రోజు ఫోన్ చేయండి. "పండక్కి రండి చిన్నాయనా" అంటే చాలు, పాత లెక్కలు తీయొద్దు.

21వ తారీకు: పేద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుకగా వేసే కథ. కానుక కవరు ఆ రాత్రి పిల్లలతోనే వేయించండి, వాళ్ళ డబ్బులో నుంచి.

అత్తిరాసాలు

కోస్తా వాళ్ళు అరిసెలంటారు, మనకు అత్తిరాసాలు. వీటికి తొందర పనికిరాదు. 20వ తారీకున బియ్యం నానబెడితే 22న వేయించుకోవచ్చు.

కిలో పచ్చి బియ్యానికి 800 గ్రాముల బెల్లం. ఉప్పుడు బియ్యం పనికిరాదు. బెల్లానికి మన చిత్తూరు పెట్టింది పేరు, కానీ పసుపుపచ్చగా మెరిసేది చూసి మోసపోకండి. ఆ రంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. కొంచెం ముదురు రంగుదే అడగండి.

బియ్యం కడిగి ఒక పగలు, ఒక రాత్రి నానబెట్టండి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చాలి. వడగట్టి నీడలో గుడ్డ మీద అరగంట ఆరనివ్వండి. పిడికిట్లో పట్టుకుంటే గింజలు చేతికి అంటుకోవాలి కానీ నీళ్ళు కారకూడదు. ఈ తడి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. పిండి మిల్లుకు ఇచ్చేటప్పుడు తడి పిండి ఆడిస్తారా అని ముందే అడగండి, అందరూ ఒప్పుకోరు. బియ్యం తక్కువైతే మిక్సీలో వేసి జల్లించుకోవడమే మేలు. జల్లించిన పిండిని అరచేత్తో అదిమి మూత పెట్టండి, గాలికి ఆరిపోతే అత్తిరాసం పగులుతుంది.

బెల్లం కొట్టి, ఒక చిన్న గ్లాసు నీళ్ళు పోసి కరగనివ్వండి. కరిగాక వడగట్టాలి, ఇసుక లేని బెల్లం నేను చూడలేదు. మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. మొదట పెద్ద పెద్ద బుడగలు లేచి విరుగుతాయి. కాసేపటికి బుడగలు చిన్నవై, దగ్గరపడి, నురగలా పైకి పొంగుతుంది. వాసన కూడా మారుతుంది, చెరకు పచ్చివాసన పోయి కమ్మగా వస్తుంది. అప్పటి నుంచి అక్కడే నిలబడండి, ఫోన్ వచ్చినా తీయొద్దు. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి పాకం చుక్క వేయండి. కరిగిపోతే ఇంకా లేత. వేళ్ళతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టి, పట్టుకుంటే సాగకుండా నిలబడితే సరిపోయింది. పళ్ళేనికి కొడితే టంగుమంటే ముదిరిపోయినట్టు, అది కొబ్బరుండలకు పనికొస్తుంది కానీ దీనికి కాదు. ముసురు రోజుల్లో పిండికి తడి ఎక్కువ ఉంటుంది కనుక పాకం అర నిమిషం ఎక్కువ ఉండాలి. నా రవ్వ రవ్వ అత్తిరాసాల తప్పు అదే, పాకం లేత, పిండి తడి.

పొయ్యి దించాక యాలకుల పొడి, సొంటి పొడి, రెండు గరిటెల నువ్వులు వేయండి. తర్వాత పిండి చల్లుతూ గరిట కాడతో తిప్పాలి. ఒకరు చల్లాలి, ఒకరు తిప్పాలి, మార్త ఒక్కతే చేసే పని కాదు ఇది. మొత్తం పిండి పడుతుందని అనుకోకండి, కొంచెం మిగులుతుంది. గరిట నుంచి జారీ జారనట్టు ఉన్నప్పుడు ఆపేయండి, చల్లారితే అదే గట్టిపడుతుంది. పైన నెయ్యి రాసి, మూత పెట్టి, రాత్రంతా వదిలేయండి.

మర్నాడు అరటాకు ముక్క మీద నూనె రాసి, నిమ్మకాయంత ముద్ద పెట్టి తట్టండి, చపాతీకన్నా మందంగా. మొదట ఒక్కటే వేసి చూడండి. విడిపోతే మిగిలిన పొడి పిండి కొంచెం పిసికి గంట ఆగండి. రాయిలా గట్టిగా వస్తే రెండు చెంచాల వేడి పాలు చిలకరించి పిసకండి. మంట మధ్యస్థం కన్నా తక్కువ. పైకి తేలి, పూరీలాగా కాకుండా దిండులా కొంచెం ఉబ్బితే తిప్పి, ఎర్రబడగానే తీసి రెండు చిల్లుల గరిటెల మధ్య నొక్కండి. వేడి మీద మెత్తగానే ఉంటాయి, చూసి భయపడి ఇంకా వేయించకండి. చల్లారాక ఒకదాని మీద ఒకటి పేర్చాలి. పదిహేను రోజులు నిక్షేపంగా ఉంటాయి, ఉంటేగా.

మొదటి వాయి తీసి పళ్ళెంలో పెట్టి, అక్కడే వంటింట్లో నిలబడి ప్రార్థన చేయడం మా అవ్వ అలవాటు. ఆమె ప్రార్థన పొడుగ్గా ఉండేది కాదు. "ఇచ్చినోడికి స్తోత్రం. తినేదానికి మనుషుల్ని పంపు" అనేది. దాన్నీ పుస్తకంలో రాసి పెట్టాను, పాకం మరకల పక్కనే.

గులాబీ పూలు, మిగతావి

గులాబీ పూలకు కప్పు మైదా, అరకప్పు బియ్యప్పిండి, అరకప్పు చక్కెర పొడి, చిటికెడు ఉప్పు, ఒక గుడ్డు, కలిపేందుకు కొబ్బరి పాలు. దోశ పిండికన్నా పలచగా ఉండాలి. కష్టమంతా అచ్చుతోనే. కొత్త అచ్చును ముందు రోజు రాత్రి నూనెలో ముంచి ఉంచండి. ప్రతి పువ్వుకు ముందు అచ్చు నూనెలో కాగాలి, పిండిలో ముప్పాతిక వంతే మునగాలి. పూర్తిగా మునిగితే పిండి పైన కమ్ముకుని ఊడి రాదు. మొదటి రెండు మూడు అందరికీ పాడవుతాయి, వాటిని పిల్లలకిచ్చి పని కానివ్వండి.

నిప్పట్లు, మురుకులు, కజ్జికాయలు మీ ఇంట్లో ఎట్లాగూ చేస్తారు, సంక్రాంతికి చేసేవే. కజ్జికాయల్లోకి వేయించిన పప్పులు, ఎండుకొబ్బరి, చక్కెర. ముసురు రోజుల్లో చల్లారిన వెంటనే డబ్బాలో వేయకపోతే మురుకులు సాయంత్రానికి సాగుతాయి. అంతకు మించి చెప్పేదేమీ లేదు.

పక్కిళ్ళకు పంపే పళ్ళెం

డిసెంబర్ నడిమికి ధనుర్మాసం వస్తుంది. తిరుమలలో ఆ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తారు, మన వీధుల్లో తెల్లారకముందే ముగ్గులు పడతాయి. తిరుపతి, చిత్తూరు ఇళ్ళలో ఆ నెలలో మాంసం, గుడ్డు ముట్టనివాళ్ళు చాలామంది. కొందరు శనివారం ఎప్పుడూ తినరు, 2027లో క్రిస్మస్ శనివారమే పడుతుంది. కాబట్టి వరుస ఇట్లా పెట్టుకోండి. కొత్త నూనెలో మొదట పక్కిళ్ళకు పంపేవి చేయాలి, అత్తిరాసాలు, మురుకులు, కజ్జికాయలు. గుడ్డు వేసిన గులాబీ పూలు ఆ తర్వాత. కోడి వేపుడు అన్నిటికన్నా చివర. వేరే గరిట, వేరే బాండలి ఉంటే ఇంకా మంచిది. కేకులో గుడ్డుంటే ఇచ్చేటప్పుడే చెప్పాలి, "తినేశాక తెలిసింది" అన్న మాట పడకూడదు. మా ఎదురింటి అయ్యవారమ్మ కోసం నేను గుడ్డు లేకుండా, పాలతో ఒక చిన్న వాయి పూలు వేరుగా చేస్తాను. ఆమె తీసుకుని దేవుడి దగ్గర పెట్టి తింటుంది. ఏ దేవుడి దగ్గర అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

కేకు

ఎండు ద్రాక్ష, ఖర్జూరం, చెర్రీ, టూటీ ఫ్రూటీ, జీడిపప్పు కలిపి 200 గ్రాములు, ముంచేందుకు నారింజ రసం లేదా నల్ల ద్రాక్ష రసం. మా చర్చి సంఘంలో మద్యం వాడరు, చాలా ఇళ్ళలో వాడరు. రసంలో నానబెట్టేవాళ్ళు నవంబర్‌లోనే మొదలుపెట్టకండి, పులుస్తుంది. మూడు నాలుగు రోజుల ముందు, ఫ్రిజ్‌లోనే నానబెట్టండి.

100 గ్రాముల చక్కెరను పొడి గిన్నెలో ముదురు ఎరుపు వచ్చేదాకా కరిగించి, చెయ్యి దూరంగా పెట్టుకుని, పావు గ్లాసు వేడి నీళ్ళు పోయండి. చిమ్ముతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. 150 గ్రాముల వెన్న, 150 గ్రాముల చక్కెర పొడి నురగగా గిలకొట్టి, మూడు గుడ్లు ఒక్కోటిగా కలపండి. 200 గ్రాముల మైదా, చెంచా బేకింగ్ పౌడర్, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ పొడి జల్లించి వేయండి. చల్లారిన చక్కెర పాకం పోయండి. పండ్లను వడగట్టి, మైదాలో పొర్లించి చివర్లో కలపండి, లేకపోతే అడుక్కు దిగుతాయి.

ఓవెన్ లేకపోతే ప్రెషర్ కుక్కర్ చాలు. గాస్కెట్, విజిల్ తీసేసి, అడుగున గ్లాసున్నర ఉప్పు పోసి, పైన స్టాండు పెట్టి పది నిమిషాలు వేడి చేయండి. గిన్నె లోపల పెట్టి సన్న మంట మీద 50 నుంచి 60 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. మా చిన్నప్పుడు పిండి కలిపి బేకరీకి ఇచ్చి కాల్పించేవాళ్ళం. ఒక ఏడు గిన్నెకు అంటించిన చీటీ ఊడిపోయి, ఎవరిదో అనాస కేకు మా ఇంటికొచ్చింది. మా ప్లమ్ కేకు ఎవరి ఇంట్లో తిన్నారో ఇప్పటికీ తెలియదు. బేకరీకి ఇచ్చేవాళ్ళు గిన్నె అడుగున మేకుతో పేరు గీకండి.

24 రాత్రి, 25 పొద్దున

24న చదివేది లూకా ఆఖరి అధ్యాయం. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు యేసుతోనే నడిచినా గుర్తుపట్టరు. బల్ల దగ్గర కూర్చుని ఆయన రొట్టె విరిచినప్పుడు కళ్ళు తెరుచుకుంటాయి. తర్వాత ఆయన కాల్చిన చేప ముక్క అడిగి తింటాడు. అది చదివాక ఒక రొట్టెనో, మొదటి అత్తిరాసాన్నో విరిచి అందరికీ పంచండి. ఇంట్లో పెద్దవాళ్ళు విరవాలి. తర్వాత రెండో అధ్యాయంలో మొదటి ఇరవై వచనాలు చదివి, పాకలో ఖాళీగా ఉంచిన తొట్టిలో బిడ్డ బొమ్మను ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళ చేత పెట్టించండి. నక్షత్రం దీపం వేయండి.

తెల్లవారుజామున ఆరాధనకు పోయేవాళ్ళు కోడి పులుసు రాత్రే చేసి పెట్టుకోండి, ఇడ్లీ పిండి సిద్ధంగా ఉంచండి. గుడి నుంచి వచ్చిన పిల్లలు ఆకలికి ఆగరు. మధ్యాహ్నం బిరియానీ గురించి నేనేమీ చెప్పను. వేలూరు, ఆంబూరు వైపు చుట్టాలున్న ఇంట్లో సలహా చెప్పడానికి నాకు ధైర్యం లేదు. కిలో జీరక సాంబ బియ్యానికి కిలోంపావు మాంసం అని మాత్రం మా అత్త లెక్క. సంగటి, నాటుకోడి చేసినా పండగకు లోటేమీ ఉండదు. పిలిచిన హాస్టల్ పిల్లలు సంగటి చూసి ఎక్కువ తింటారు.

సాయంత్రం అందరూ కునుకు తీసి లేచాక పుస్తకం తెరవండి. ఏది మిగిలింది, ఏది చాల్లేదు, పాకం ఎట్లా వచ్చింది, ఈసారి ఎవరు రాలేదు అని రాయండి. ఎవరి గిన్నెలు మన ఇంట్లో ఉండిపోయాయో కూడా రాసుకోండి. మన వైపు గిన్నె ఖాళీగా తిరిగి పోదు కదా, ఎదురింటి స్టీలు టిఫిన్ నా దగ్గరే ఉంది. కడిగి, కొంచెం కజ్జికాయలు దాచి పెట్టాను. సంక్రాంతికి ఆమె పొంగలి పంపేలోపు ఇచ్చేయాలి.